ఎడమ మూలకి వెళ్లని జడ్జి

కిందటి వారం మాస్టారిని క్లబ్బు మెట్ల మీద వదిలేశాం. మనం వదిలేసి హాయిగా తిన్నాం, పడుకున్నాం. ఆయన్ని మాత్రం భయం వదల్లేదు పాపం. ఒక కాలు పైకి, ఒక కాలు కిందికి లాగుతుంటే మనిషి ఎక్కడని నిలబడతాడు?

మధ్యలో వచ్చి చేరినవారి కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకెళ్తాను. మాస్టారు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతారు. ఊళ్లోని ఆటల క్లబ్బు ఏటా ఒక పోటీ పెడుతుంది. ఉద్యోగంగా కాకుండా సరదాకి కంప్యూటర్ గేములు తయారుచేసేవాళ్లు తాము చేసినదాన్ని పంపుతారు. జడ్జీలకి పేరు తెలియదు, నంబరు తెలుస్తుంది అంతే. ముగ్గురు జడ్జీలు ఎవరింట్లో వాళ్లు ఆడి, యాభైకి మార్కులు వేస్తారు. ఈసారి వచ్చిన ఇరవై మూడింటిలో పదిహేడో నంబరు గేము తెరిచేసరికి మాస్టారు కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. తెర మీద ఒక కోల్డ్ స్టోరేజీ లోపలి గది ఉంది. ఆటగాడు ఆ గదిలో చిక్కుకుపోయాడు, చలికి చచ్చిపోయేలోగా బయటపడాలి.

అది ఆయనకి తెలిసిన గది. పన్నెండేళ్ల కిందట, వేరే ఊళ్లో, మామగారి కోల్డ్ స్టోరేజీలో ఆయన స్టాకు గుమస్తా. ఒక సాయంత్రం లోపల మనిషి ఉన్నాడని చూసుకోకుండా మేస్త్రీ పెద్ద తలుపుకి గడియ వేశాడు. లోపలున్న హమాలీ తెల్లారేసరికి ప్రాణాలతో లేడు. "ఎడమ మూలలో లోపలి నుంచి తెరుచుకునే చిన్న తలుపుంది, గుమస్తా దానికి అడ్డంగా పెట్టెలు పేర్పించాడు, లేకపోతే వాడు బతికేవాడు" అని విచారణలో మేస్త్రీ మొత్తుకున్నాడు. "నేను ఆ గదిలో ఎప్పుడూ అడుగు పెట్టలేదు, అలాంటి తలుపు సంగతి నాకు తెలియదు" అన్నారు మన మాస్టారు. అప్పటికే మామగారు ఆ తలుపు పీకించి, ఇటుకలు పెట్టించి, సున్నం కొట్టించేశారు. మేస్త్రీ అబద్ధాలకోరని తేలింది. నాలుగేళ్లు జైల్లో ఉండి వచ్చాడు. మామగారు పోయారు. మామగారి కూతురు, అంటే మాస్టారి భార్య, తన మొగుడు చీమకైనా హాని చెయ్యడని నలుగురికీ చెబుతూ సంసారం నడుపుకొస్తోంది.

ఇంతకీ ఆ పెట్టెలు ఎందుకు పేర్పించారంటే, ఆ చిన్న తలుపు గుమస్తా గదిలోకి తెరుచుకునేది, దాని సందులోంచి చల్లగాలి వచ్చి బల్ల కింద ఆయన మోకాళ్లకి తగిలేది. అంతే. మోకాళ్ల చలి కోసం జరిగిన పని అది. దాని గురించి పన్నెండేళ్లు ఆయన ఎవరి దగ్గరా నోరు విప్పలేదు.

ఇప్పుడు ఆ గది గెలిస్తే బహుమతి రోజున పెద్ద తెర మీద ఆడిస్తారు. అలా జరగకూడదని మాస్టారు యాభైకి తొమ్మిది వేసి, దాన్ని తొక్కేద్దామనుకున్నారు. మిగతా ఇద్దరు నలభై మూడు, నలభై ఒకటి వేశారు. జడ్జీల మార్కుల మధ్య తేడా పాతిక దాటితే ముగ్గురూ కలిసి కూర్చోవాలి. అందరికంటే తక్కువ వేసినవాళ్లు మిగతావాళ్ల ఎదుట ఆ గేము మళ్లీ ఆడాలి, ఆడుతూ మనసులో మాట పైకి చెప్పాలి. గేము చేసినవాళ్లు తమ ఇంట్లో కూర్చుని అదంతా చూస్తూ వింటారు. ఇదీ నిబంధన. రెండేళ్ల కిందట దాన్ని కూర్చుని రాసింది ఎవరనుకున్నారు? మాస్టారే. తాను తీసిన గోతిలో తానే పడడం అంటే ఇదే.

ఇక మెట్లెక్కుదాం.

క్లబ్బు గది కుట్టుమిషన్లు బాగుచేసే షాపు మీద ఉంది. కింద ఎవరో మిషన్ తొక్కి చూస్తున్నారు. అది కాసేపు ఆడి ఆగుతోంది. గదిలో పొడుగు బల్ల, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, గోడకి పాత పోటీల ఫొటోలు. మధ్యాహ్నం మూడు గంటల ఎండ కిటికీ ఊచల మధ్య నుంచి నేల మీద పడుతోంది. ఇంత వెలుతురులో ఎవరూ భయపడకూడదు. మాస్టారు భయపడుతున్నారు.

"రండి మాస్టారూ, మీ కోసమే చూస్తున్నాం," అంది కార్యదర్శి. క్లబ్బు తాళాలు, ఫైళ్లు, టీ ఫ్లాస్కు అన్నీ ఆవిడ చేతిలోనే ఉంటాయి. "చొక్కా బొత్తాలు ఒకటి తప్పించి పెట్టుకున్నారు చూసుకోండి."

"మా ఆవిడ కూడా చెప్పింది," అన్నారు మాస్టారు. చెప్పినా ఎందుకు సరిచేసుకోలేదో ఆయనకే తెలియదు.

మిగతా ఇద్దరు జడ్జీలూ అప్పటికే కూర్చున్నారు. ఒకరు చదరంగం తాతగారు. ముప్పై ఏళ్లు పిల్లలకి చదరంగం నేర్పారు, ఇప్పుడు చెవి మందగించింది గానీ కన్ను మందగించలేదు. రెండో జడ్జి బొమ్మలమ్మాయి. పుస్తకాలకి, గేములకి బొమ్మలు గీసి బతుకుతుంది. మాట దాచుకోవడం రాదు.

"మాస్టారూ, నాకొక్క సంగతి చెప్పండి," అంది కూర్చోకముందే. "బొమ్మలకి మూడు వేశారు. పోనీ నా పనే బొమ్మలు కాబట్టి నాకు నచ్చాయనుకుందాం. శబ్దానికి పదికి ఒకటా? ఆ తలుపు కొట్టే చప్పుడు విని నేను హెడ్‌ఫోన్స్ తీసి అవతల పారేశానండీ. అంత బాగుంది."

"గోలగా అనిపించింది," అన్నారు మాస్టారు.

"గోలా?"

"అమ్మాయీ, ఆడనీ," అన్నారు తాతగారు. ఆయన ముందు తెల్లకాగితం, చెక్కిన పెన్సిలు ఉన్నాయి. ఏ గేము చూసినా ఆయన కాగితం మీద గళ్లు గీసుకుని, ఆటగాడు ఎటు వెళ్తే అటు గీత గీస్తారు. పాత అలవాటు.

కార్యదర్శి కంప్యూటర్ తెరిచి, మైకు ఆన్ చేసింది. తెర పై మూలలో చిన్న అక్షరాలు వెలిగాయి. 'పదిహేడు: చూస్తున్నారు.'

మాస్టారు ఆ అక్షరాలు రెండుసార్లు చదివారు. ఎవరు? మేస్త్రీ కొడుకా? చనిపోయిన హమాలీ తమ్ముడా? ఆ గది తెలిసినవాళ్లు లోకంలో ఎంతమంది మిగిలారు? ఎవరైనా సరే, వాళ్లకి కావలసింది మార్కులు కాదు. ఆ గదిలో దారి తెలిసిన మనిషి ఎవరో పట్టుకోవడం. దారి తెలిసినట్టు ఒక్క అడుగు వేసినా, విచారణలో తాను చెప్పింది అబద్ధమని తన చేత్తో తానే రాసిచ్చినట్టు. ఉద్యోగం పోతుంది. జైలు రావచ్చు. అన్నిటికంటే ముందు, ఇంట్లో ఆవిడ మొహం ఎలా చూడాలి?

కాబట్టి చేతకానివాడిలా ఆడాలి. పదేళ్లుగా పిల్లలకి తెలివిగా ఉండమని చెప్పిన మనిషి, ఒక్క గంట తెలివితక్కువగా ఉండలేడా అనుకున్నారు. చూద్దాం ఎంత బాగా ఉన్నారో.

"మొదలుపెట్టాను," అన్నారు గొంతు సవరించుకుని. "గదిలో ఉన్నాను. చీకటిగా ఉంది. ఎదురుగా పెద్ద తలుపు. తోస్తున్నాను, రావడం లేదు. బయట గడియ వేసినట్టున్నారు. సరే, కుడివైపు వెళ్తున్నాను. అరలు. అరల్లో పెట్టెలు. ఇక్కడేమీ లేదు."

తెర అంచుల నుంచి తెల్లగా మంచు పేరుకుంటూ వస్తోంది. కింద ఒంటి వేడి చూపించే ఎర్ర గీత కుంచించుకుపోతోంది. ఎక్కడో కంప్రెసర్ ఆగకుండా గుర్రుమంటోంది. మాస్టారు కుడి గోడంతా తడిమారు. మంచు తెరంతా కమ్మేసింది. ఆటగాడు చచ్చిపోయాడు.

"మళ్లీ," అన్నారు తాతగారు.

ఈసారి మాస్టారు వెనక గోడకి వెళ్లారు. చలిగాలి ఊదే ఫ్యాన్లు, పైపులు, నేల మీద జారే మంచు. అన్నీ పైకి చెప్పారు. గొంతు బాగానే పలుకుతోందని కాస్త ధైర్యం కూడా వచ్చింది. మళ్లీ చచ్చారు. మూడోసారి తలుపు దగ్గరే నిలబడి గడియ, అంచులు, కింద సందు వెతికారు. మళ్లీ చచ్చారు.

"చూశారుగా," అన్నారు కుర్చీలో వెనక్కి వాలి. "దారే లేదు. దారిలేని గేము ఎలా ఆడిస్తుంది? అందుకే తొమ్మిది."

బొమ్మలమ్మాయి నిట్టూర్చింది. "నాకూ దారి దొరకలేదు సార్. నేనూ చచ్చాను, ఆరుసార్లు. దారి లేకపోవడమే ఇందులో సంగతి అనుకుని మార్కులు వేశాను."

తాతగారు కాగితాన్ని తిప్పి మాస్టారి ముందు పెట్టారు. గళ్ల మీద పెన్సిలు గీతలు అల్లుకుపోయి ఉన్నాయి, ఒక్కచోట తప్ప. ఎడమ వైపంతా తెల్లగా ఉంది.

"మాస్టారూ, ఏమనుకోకండి, ముసలాడి చాదస్తం. ఎత్తు తెలియని పిల్లాడు బోర్డంతా చెయ్యి తిప్పుతాడు. ఎత్తు తెలిసి దాచుకున్నవాడు ఆ ఒక్క గడి వైపు మాత్రం చూడడు. నేను పిల్లల్ని అలాగే పట్టుకునేవాణ్ణి. దారి తెలియనివాడు నాలుగు గోడలకీ తల కొట్టుకుంటాడు కదా. మీరు మూడు గోడలే ముట్టుకున్నారు."

పన్నెండేళ్ల కిందట వకీళ్లంతా కలిసి పట్టుకోలేనిది, ఈయన ఒక పెన్సిలు ముక్కతో పట్టుకున్నాడు.

"అటు మరీ చీకటిగా ఉంది," అన్నారు మాస్టారు.

"లేదు సార్, అక్కడే కాస్త వెలుతురుంది," అంది బొమ్మలమ్మాయి అమాయకంగా. "నేను వెళ్లాను. గుట్టగా పెట్టెలున్నాయి, జరగవు. ఒకటి రెండు లాగి వదిలేశాను."

"వెళ్లండి మాస్టారూ," అన్నారు తాతగారు. "ఒక్కసారి వెళ్లిరండి. పోయేదేముంది?"

పోయేదేముందో మాస్టారికి తెలుసు. తెర మూలలో ఆ అక్షరాలు అలాగే వెలుగుతున్నాయి. వెళ్లకపోతే అనుమానం. వెళ్తే, వెళ్లి ఉత్త చేతులతో రావాలి. తప్పు పెట్టెలు లాగి చచ్చిపోవాలి, అంతే. అది తేలికే అని తనకి తాను నచ్చజెప్పుకున్నారు.

నాలుగోసారి ఆట మొదలైంది. ఎడమ మూలకి నడిచారు. పెట్టెల గుట్ట కనపడింది. లెక్కపెట్టకూడదనుకుంటూనే లెక్కపెట్టారు. పదకొండు. ఆ రోజూ పదకొండే. పేర్చడానికి పది చాలక, గుట్ట కుదురుగా నిలబడటానికి కింది వరసలో ఒక ఖాళీ పెట్టె ఇరికించమని ఆయనే చెప్పారు. అక్కడే నిలబడి, చేతులు చంకల్లో పెట్టుకుని, వేలు చూపించి మరీ చెప్పారు.

"పై పెట్టె లాగుతున్నాను," అన్నారు. "రావడం లేదు. పక్కది లాగుతున్నాను. అదీ రావడం లేదు."

ఎర్ర గీత సగానికి వచ్చింది. అప్పుడు చప్పుడు మొదలైంది. తెరలో చిక్కుకున్న మనిషి తలుపు కొడుతున్నాడు. మూడు దెబ్బలు, కాస్త ఆగి రెండు. మళ్లీ మూడు, ఆగి రెండు. ఇంట్లో ఆడినప్పుడు మాస్టారు శబ్దం పూర్తిగా తగ్గించేశారు, అందుకే ఒక్క మార్కు. ఇక్కడ తగ్గించడానికి లేదు.

మూడు, ఆగి రెండు.

ఎర్ర గీత పావు వంతైంది. తెర సగం తెల్లబడింది. చప్పుడు పలచబడుతోంది, కొట్టేవాడికి ఓపిక అయిపోతోంది. మాస్టారికి గదిలో మనుషులు కనపడటం మానేశారు. ఆ క్షణంలో ఆయనకి తెలిసింది ఒక్కటే. లోపల మనిషున్నాడు. చెయ్యి దానంతటదే కదిలింది. కింది వరసలో మూడో పెట్టె, ఖాళీది, పట్టుకుని లాగింది. గుట్ట కూలింది. వెనక చిన్న తలుపు బయటపడింది. ఆ సాయంత్రం చెయ్యాల్సిన పని ఆయన చెయ్యి పన్నెండేళ్లు ఆలస్యంగా చేసింది.

కింద మిషన్ ఆగింది.

"అన్నిటిలో అదే ఎలా లాగారు సార్?" అంది బొమ్మలమ్మాయి మెల్లిగా. "అది కింది పెట్టె కదా. మీద బరువున్నదాన్ని ఎవరూ ముందు లాగరు."

"ఏదో... గుడ్డిగా," అన్నారు మాస్టారు.

తాతగారు పెన్సిలు కింద పెట్టేశారు.

తెర మీద చిన్న తలుపు దానంతటదే తెరుచుకుంది. అవతల మరో గది. పసుపు దీపం. బల్ల, బల్ల మీద తెరిచిన స్టాకు రిజిస్టరు, పక్కన రేడియో. ఒక మనిషి ఇటు వీపు పెట్టి కూర్చుని రాసుకుంటున్నాడు. మొహం కనపడదు. మూడు దెబ్బలు, ఆగి రెండు. ఆ మనిషి రాయడం ఆపాడు. తల కాస్త ఎత్తాడు. విన్నాడు. తర్వాత ఎడమ చెయ్యి చాచి రేడియో పెంచాడు. మళ్లీ రాసుకున్నాడు.

ఆట అక్కడితో అయిపోయింది.

బొమ్మలమ్మాయి కళ్లు తుడుచుకుంది. "తొమ్మిది వేశారా దీనికి?" అంది. కార్యదర్శి ఫ్లాస్కు మూత తియ్యబోయి తియ్యకుండా పక్కన పెట్టింది.

మాస్టారు మనసులో లెక్క చూసుకున్నారు. గది సంగతి మేస్త్రీకి తెలుసు. తలుపు సంగతి, పెట్టెల సంగతి, ఖాళీ పెట్టె సంగతి హమాలీలకి తెలిసి ఉండొచ్చు. కానీ రేడియో? అప్పటికి అందరూ ఇళ్లకి వెళ్లిపోయారు. బల్ల దగ్గర ఉన్నది ఆయన ఒక్కరే. ఆ దెబ్బల్ని పైపుల చప్పుడు అనుకున్నారు. అనుకున్నారా, అనుకోవాలనుకున్నారా అన్నది వేరే సంగతి. దాన్ని ఆయన మేస్త్రీకి చెప్పలేదు, వకీలుకి చెప్పలేదు, మామగారికి కూడా చెప్పలేదు. చూసినవాడు లేడు. విన్నవాడు చనిపోయాడు. మరి తెర మీద ఆ చెయ్యి ఎలా కదిలింది?

"జడ్జీలు గేము చేసినవాళ్లని ఒక్క ప్రశ్న అడగొచ్చు," అంది కార్యదర్శి, నిబంధనల కాగితం చూసుకుంటూ. "ఎవరడుగుతారు?"

"నేను," అన్నారు తాతగారు. "ఆ బల్ల దగ్గర మనిషికి చప్పుడు వినబడిందా, లేదా? వినబడితే ఎందుకు లేవలేదు? అది రెండు ప్రశ్నలైతే ఒకటిగా సర్దుకో."

కార్యదర్శి టైపు చేసింది. జవాబు వెంటనే రాలేదు. మాస్టారు కుర్చీ చేతులు పట్టుకుని కూర్చున్నారు. లేచి వెళ్లిపోవచ్చు. కడుపు నొప్పి అనొచ్చు. కానీ లేవలేదు.

రెండు నిమిషాల తర్వాత తెర మీద అక్షరాలు పడ్డాయి. అందరికీ వినబడేలా కార్యదర్శి గట్టిగా చదివింది.

"'వినబడింది. పైపుల చప్పుడనుకుని రేడియో పెంచానని ఆయనే చెప్పారు. జ్వరంలో, కళ్లు తెరవకుండా చెప్పారు. నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ నేను విన్నాను. ఒంట్లో బాగయ్యాక, తెలివిలో ఉండి ఎప్పుడు చెబుతారా అని పన్నెండేళ్లు చూశాను.'"

"అబ్బ, ఎంత బాగా అల్లారండీ కథ," అంది కార్యదర్శి. "జవాబు కూడా గేములో భాగంలాగే ఉంది."

విచారణ ముగిసిన వారానికే మాస్టారు మంచం పట్టారు. పదకొండు రోజుల జ్వరం. అద్దె ఇంట్లో రెండు గదులు, ఒక మంచం. పక్కన కూర్చున్నది భార్య ఒక్కతే. తగ్గాక ఆవిడ గంజి తాగించింది, నవ్వింది, మామూలుగా ఉంది. ఆ జ్వరంలో తానేం మాట్లాడారో ఆయనకి ఇప్పటిదాకా తెలియదు. ఆ కోల్డ్ స్టోరేజీ ఆవిడ పుట్టింటిదే, తర్వాత ఆవిడకి కంప్యూటర్ నేర్పింది మాస్టారే. పన్నెండేళ్లు ఆవిడ వండింది తిన్నారు, ఆవిడ పక్కన పడుకున్నారు, ఆవిడ నలుగురి ముందూ చీమకైనా హాని చెయ్యడు అంటుంటే తల వంచుకుని నవ్వారు. మేస్త్రీ కొడుకుకో, హమాలీ తమ్ముడికో భయపడాలనుకుని వచ్చిన మనిషికి, ఆ మాట ఆవిడ ఎన్నిసార్లు అన్నదో, ఎలా చూస్తూ అన్నదో ఒక్కొక్కటే గుర్తొస్తోంది.

"మాస్టారూ, మరి మార్కులు మారుస్తారా?" కార్యదర్శి కాగితం ఆయన ముందుకి జరిపింది.

తాతగారు ఆ కాగితం మీద చెయ్యి పెట్టి ఆపారు. ఆయన తెర వైపు చూడటం లేదు. తప్పు పెట్టుకున్న బొత్తాల నుంచి మొదలుపెట్టి మాస్టారి మొహం దాకా నెమ్మదిగా చూశారు.

"మార్కులు తర్వాత వేద్దాం," అన్నారు. "ముందు ఇది చెప్పండి మాస్టారూ. మీకెప్పుడైనా పెద్ద జ్వరం వచ్చిందా?"

మాస్టారు నోరు తెరిచారు. మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది, ఇంట్లో ఆవిడ వింటోంది.